కట్ట ఎటుంది, పొద్దు ఎటుంది: చెరువు ఒడ్డున సహజ కాంతిలో ఫోటోలు

చెరువు ఫోటో చప్పగా వస్తే చాలామంది ముందు లెన్సును అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు లెన్సుది కాదు, నిలబడ్డ ఒడ్డుది. పొద్దున రావాల్సిన ఒడ్డుకు సాయంత్రం వెళ్లడం, నీడలో ఉన్న గట్టును వెలుగులో చూపాలని తంటాలు పడటం, ఇవీ అసలు కారణాలు. అందుకే కెమెరా సంచి సర్దే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ చెరువుకు కట్ట ఏ వైపు ఉంది?

మన దగ్గర చెరువు అంటే సహజంగా ఏర్పడిన సరస్సు కాదు, వాలుకు అడ్డంగా కట్ట పోసి ఆపిన నీరు. కట్ట ఎప్పుడూ పల్లం వైపే ఉంటుంది. నీరు వచ్చే ఎగువ వైపు నేల మెల్లగా పైకి వెళ్తుంది. అదే శిఖం భూమి. కృష్ణా, గోదావరి, మూసీ అన్నీ తూర్పుకే పారతాయి కాబట్టి కట్ట తూర్పున, నీరు పడమరన ఉన్న చెరువులు తరచుగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ట్యాంక్‌బండ్ అలాంటిదే, 1920లో పూర్తయిన గండిపేట ఉస్మాన్‌సాగర్ ఆనకట్ట కూడా అలాంటిదే. ఇలాంటి చోట కట్ట మీద నిలబడితే సాయంత్రం పొద్దు నీళ్ల మీదుగా కుంకుతుంది. నీళ్ల మీదుగా పొడిచే పొద్దు కావాలంటే అవతలి ఒడ్డుకు వెళ్లాలి. హుస్సేన్‌సాగర్‌కు అది నెక్లెస్ రోడ్డు, పల్లె చెరువుకు శిఖం. అన్ని చెరువులూ ఇలాగే ఉంటాయని మాత్రం అనుకోకండి. ఊరి వాలు ఉత్తరానికి ఉంటే కట్టా ఉత్తరానే ఉంటుంది. ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరవండి. వంపు లేకుండా నున్నగా గీసినట్టున్న అంచు కట్ట, గీతలు గీతలుగా పొలాల్లోకి చొచ్చుకుపోయిన అంచు శిఖం.

పొద్దు పొడిచే చోటు కూడా ఏడాది పొడవునా ఒకటి కాదు. మన అక్షాంశంలో జూన్ చివర సూర్యుడు సరిగ్గా తూర్పు నుంచి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి పొడుస్తాడు. డిసెంబరు చివర అంతే దక్షిణానికి జరుగుతాడు. సంక్రాంతి నాటికి ఇంకా 22 డిగ్రీల దాకా దక్షిణంలోనే ఉంటాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. రెండున్నర పిడికిళ్లు పక్కకు కొలుచుకుంటే సరిపోతుంది. మార్చిలో గుడి గోపురం వెనక నుంచి పొడిచిన సూర్యుడు డిసెంబరులో ఆ గోపురానికి చాలా కుడిగా, బహుశా సెల్ టవర్ వెనక నుంచి వస్తాడు. ఫలానా చెట్టు వెనకే సూర్యుడు కావాలనుకుంటే తేదీ చూసుకుని వెళ్లాలి.

పేరుకే అవర్

ఇంగ్లీషు వీడియోల్లో గోల్డెన్ అవర్ అని గంటసేపు తీరిగ్గా తీస్తుంటారు. అవి యూరప్ వాళ్ల లెక్కలు. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, నెమ్మదిగా లేస్తాడు. మనకు దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు. క్షితిజం నుంచి 6 డిగ్రీల ఎత్తు దాటడానికి పట్టేది 25 నుంచి 28 నిమిషాలే. ఆ తర్వాత బంగారు రంగు పోయి మామూలు ఎండ మొదలవుతుంది. సాయంత్రం ఇదే లెక్క తలకిందులు. పిడికిలి లెక్క ఇక్కడా పనికొస్తుంది. నీటి అంచుకూ సూర్యుడికీ మధ్య ఒక పిడికిలి పట్టిందంటే అస్తమయానికి ఇంకా 40–45 నిమిషాలుంది. సగం పిడికిలి కనిపించేసరికి ట్రైపాడ్ పాతి, ఫ్రేము కుదుర్చుకుని ఉండాలి.

కొండల మధ్య ఉన్న చెరువుల్లో ఈ కాస్త సమయమూ కోతకు గురవుతుంది. వరంగల్ జిల్లా పాకాల, ములుగు జిల్లా లక్నవరం అలాంటివే. 5 డిగ్రీల ఎత్తు కొండ అడ్డుంటే పొద్దు మీదాకా చేరడానికి 20 నిమిషాలకు పైగా ఆలస్యం. వచ్చేసరికి ఎర్రదనం పోయి తెల్లటి ఎండగా వస్తుంది. అక్కడ సూర్యుడి కోసం కాచుకోవడం కంటే సూర్యోదయానికి ముందున్న వెలుగునే నమ్ముకోవడం మేలు.

సూర్యోదయానికి 25 నిమిషాల ముందు నుంచి ఆకాశం పనికొస్తుంది. కాబట్టి ఒడ్డుకు 45 నిమిషాల ముందే చేరాలి. హైదరాబాద్‌లో జూన్‌లో సూర్యోదయం 5:40 ప్రాంతంలో, జనవరి నడిమికి 6:45 దాటాక. చలికాలంలో నిద్ర కొంచెం ఎక్కువ దక్కుతుంది, పైగా అదే మంచి కాలం. ఒడ్డుకు చేరాక అందరూ తూర్పు వైపే చూస్తారు. వెనక్కి తిరిగి పడమటి ఆకాశం చూడండి. పొద్దు పొడవబోయే ముందు పది పదిహేను నిమిషాలు అడుగున నీలి బూడిద రంగు, దాని పైన గులాబీ పట్టీ కనిపిస్తాయి. ఆ నీలం భూమి నీడే. ఆ రంగుల్లో కాంతి తేడాలు తక్కువ కాబట్టి ఫోన్ కెమెరా కూడా తేలిగ్గా పట్టేస్తుంది. కట్ట తూర్పున ఉన్న చెరువుకు పొద్దున వెళ్తే ఎదురుగా ఉండేది సరిగ్గా ఇదే.

చంద్రుడు కావాలంటే పౌర్ణమి దాకా ఆగకండి. పంచాంగంలో చతుర్దశి చూడండి. పౌర్ణమికి ముందు రోజు సాయంత్రం చంద్రుడు సూర్యాస్తమయానికి ముప్పావు గంట అటూఇటూ ముందే తూర్పున లేస్తాడు. నేల మీద వెలుగు ఉంటుంది కాబట్టి చెట్లూ చంద్రుడూ ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇముడుతాయి. పౌర్ణమి రాత్రి తీస్తే నల్లటి నేల మీద తెల్లటి చుక్కే మిగులుతుంది.

నీరు ఎప్పుడు అద్దమవుతుంది

ప్రతిబింబానికి రెండు షరతులు: గాలి ఉండకూడదు, కెమెరా కిందికి ఉండాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున గాలి దాదాపు ఉండదు. ఎనిమిది, తొమ్మిది గంటలకు నేల వేడెక్కేసరికి అలలు మొదలవుతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి తెల్లవారుజామునే ఉంటుంది. అప్పుడు గాలి ఎటు నుంచి వస్తుందో ఆ ఒడ్డుకు వెళ్లండి. అక్కడి చెట్లు, జమ్ము పొదలు గాలిని అడ్డుకోవడంతో వాటి చాటున రెండు మూడు మీటర్ల మేర నీరు నిలకడగా ఉంటుంది. చిన్న మడుగైనా చాలు. లెన్సు నీటికి దగ్గరగా పెడితే ఫ్రేము సగాన్ని అదే నింపేస్తుంది.

కిందికి పెట్టడం ఎందుకంటే, నీరు వెలుగును తిప్పికొట్టే పాలు చూపు కోణాన్ని బట్టి మారుతుంది. తల వంచి నిటారుగా కిందికి చూస్తే నీటి మీద పడ్డ వెలుగులో 2 శాతమే తిరిగి వస్తుంది, మిగతాది అడుగున ఉన్న బురద. నీటి ఉపరితలానికి 10 డిగ్రీల ఏటవాలులో చూస్తే మూడో వంతు వస్తుంది. 5 డిగ్రీలకు సగం దాటుతుంది. కట్ట మీద నిలబడి తీసిన ప్రతిబింబం మట్టి రంగులో మసకగా రావడానికి కారణం ఇదే. మెట్లు దిగి, కెమెరాను నీటికి ఒక అడుగు ఎత్తులో పెట్టండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చెరువంటే నమ్మరు.

లెన్సు ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్ గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చెరువు దగ్గర ఎక్కువ ఫోటోలు పాడుచేసేదీ అదే, కాపాడేదీ అదే. దాని పని నీటి మీది మెరుపును తీసేయడం. తామరాకులు, పారదర్శకమైన నీటి కింది రాళ్లు చూపాలంటే అద్భుతం. నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల వాలులో కిందికి చూసినప్పుడు అది పూర్తి బలంతో పనిచేస్తుంది. కానీ ప్రతిబింబం కోసం వచ్చి అదే పోలరైజర్‌ను బిగించి మర్చిపోతే, వచ్చిన పనినే అది తుడిచేస్తుంది. తెరలో చూస్తూ ఉంగరాన్ని పావు వంతు తిప్పండి. ప్రతిబింబం చిక్కబడే చోట ఆపండి. తేడా తెలియకపోతే తీసి సంచిలో పెట్టేయండి, అది ఎలాగూ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు). ఇంకో చిక్కు: సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం మీదే దాని ప్రభావం ఎక్కువ. అందుకే బాగా వైడ్ లెన్సుతో తీస్తే ఆకాశం నడుమ ముదురు నీలం మచ్చ, అంచుల్లో తెలుపు వస్తాయి. ఎడిటింగ్‌లో అది సరిచేయడం నరకం.

ఫోకస్, ఎపర్చర్, షట్టర్

కొత్త కెమెరాతో వచ్చే 18–55 కిట్ లెన్సు ఈ పనికి చాలు. 18 ఎంఎం దగ్గర పెట్టి, ఎఫ్/11లో (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం, అంటే ఎపర్చర్, చిన్నదవుతుంది) ఒకటిన్నర మీటర్ల దూరాన ఫోకస్ చేస్తే ముప్పావు మీటరు నుంచి కొండల దాకా అన్నీ స్పష్టంగా ఉంటాయి. ఎఫ్/8 అయితే 2 మీటర్లు. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 24 ఎంఎంకి ఎఫ్/11లో 1.8 మీటర్లు. ఎఫ్/22 దాకా మూస్తే ఇంకా స్పష్టంగా వస్తుందనుకోవడం భ్రమ. ఎఫ్/16 దాటితే వివర్తనం వల్ల, అంటే సన్నని రంధ్రంలో వెలుగు చెదరడం వల్ల, మొత్తం ఫోటో మెత్తబడుతుంది. ఎఫ్/16 పనికొచ్చేది ఒక్కచోట: తాటి మొద్దు అంచు చాటున సూర్యుణ్ణి సగం దాచి కిరణాల నక్షత్రం రప్పించాలనుకున్నప్పుడు.

ఫోకస్‌లో చాలామంది పడే గుంట ఒకటుంది. నీటిలో కనిపించే కొండ నీటి మీద లేదు. కెమెరా దృష్టిలో అది అసలు కొండ ఎంత దూరమో అంత దూరంలో ఉంది. ప్రతిబింబం మీదనే కదా అని మూడడుగుల్లో ఉన్న కలువాకు మీద ఎఫ్/4లో ఫోకస్ చేస్తే ఆకు స్పష్టంగా, దాని పక్కనే నీటిలో ఉన్న కొండ మసగ్గా వస్తాయి. రెండూ కావాలంటే పైన చెప్పిన కొలతలు పాటించండి. ఆకు ముప్పావు మీటరు లోపలే ఉంటే ఒకటి ఆకు మీద, ఒకటి కొండ మీద రెండు ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలపండి.

ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును పట్టే చురుకు) 100, ఎఫ్/8లో సుమారు షట్టర్ అంకెలు ఇవి. సూర్యోదయానికి 20 నిమిషాల ముందు అర సెకను నుంచి 2 సెకన్లు, పొద్దు పొడిచేటప్పుడు 1/30 నుంచి 1/60, సగం పిడికిలి లేచాక 1/125. మబ్బును బట్టి మారతాయి, మొదలుపెట్టడానికి మాత్రమే. జమ్ము, తుంగ ముందు భాగంలో ఉండి కొంచెం ఊగుతున్నా 1/125 తగ్గనివ్వకండి. అవసరమైతే ఐఎస్ఓ 800కి పెంచండి. గింజలు కనిపించే ఫోటోను శుభ్రం చేయవచ్చు, చెదిరిన రెల్లును సరిచేయలేం.

ఎక్స్‌పోజర్ సరిపోయిందా లేదా అని తెర వెలుగు చూసి తేల్చకండి, చీకట్లో తెర ఎప్పుడూ ప్రకాశంగానే కనిపిస్తుంది. ఫోటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన గీసి చూపే హిస్టోగ్రామ్ చూడండి, అదీ మూడు రంగులు విడివిడిగా చూపేది. పొద్దు వేళ ముందు పగిలేది ఎరుపు. తెల్ల గీత బాగానే ఉన్నా ఎర్ర గీత కుడి గోడను తాకిందంటే, సూర్యుడి చుట్టూ నారింజ ముద్ద మిగులుతుంది, అందులో ఏ వివరమూ ఉండదు. మూడింట రెండు స్టాపులు తగ్గించండి. సూర్యుడు ఫ్రేములో ఉంటే మైనస్ 2, సున్నా, ప్లస్ 2 చొప్పున మూడు తీసిపెట్టుకోండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ ఎర్రదనాన్ని లోపమనుకుని సరిదిద్దేస్తుంది. ఎండ గుర్తు మీద, అంటే 5200–5500 కెల్విన్ దగ్గర ఉంచి వదిలేయండి.

పైభాగం ముదురుగా, కింది భాగం తేటగా ఉండే గ్రేడ్ ఫిల్టర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. నీటిలోని ఆకాశం అసలు ఆకాశం కంటే ఒక స్టాపు అటూఇటూ ముదురుగా ఉండటం ప్రకృతి సహజం. 3 స్టాపుల ఫిల్టర్ పైన పెడితే ఆకాశం నీటి కంటే నల్లబడుతుంది. చూసేవాడికి ఎక్కడ తేడా కొట్టిందో చెప్పలేడు గానీ ఏదో నకిలీ అనిపిస్తుంది. 2 స్టాపుల మెత్తని అంచు చాలు. ఎడిటింగ్‌లోనూ ఇదే నియమం.

వెలుగును అంతటా సమానంగా తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పది స్టాపులది పెడితే 1/15 సెకను కాస్తా 68 సెకన్లవుతుంది, అలలన్నీ పొగలా మారతాయి. ఇది ఇప్పుడు అతిగా వాడుతున్న కిటుకు. మత్తడి (అలుగు) దూకేచోట, గాలికి మబ్బులు పరుగెత్తే ఆగస్టు సాయంత్రం బాగుంటుంది. తెల్లవారుజామున ఎలాగూ అద్దంలా ఉన్న నీటికి ఆ ఫిల్టర్ అదనంగా చేసేదేమీ లేదు. మత్తడి నీళ్లకైతే ఎన్‌డీ కూడా అక్కర్లేదు. 1/4 నుంచి 1 సెకను మధ్య ధారలు ధారలుగా కనిపిస్తూనే కదలిక తెలుస్తుంది. అంతకు మించితే తెల్లటి ముద్ద.

ఫ్రేములో ఏముండాలి

ఉత్త నీరు, ఉత్త ఆకాశం ఎంత రంగులున్నా రెండు పట్టీలే. ముందు భాగంలో ఏదో ఒకటి కావాలి: తూము మెట్లు, ఒడ్డుకు లాగిన తెప్ప, వల ఆరేసిన కర్రలు, ఎండాకాలమైతే నెర్రెలు విచ్చిన ఒండ్రు. తూము మంచి వస్తువు. నీటి నడుమ నిలువుగా ఉంటుంది, కట్టడం పాతదైతే రాళ్ల మీద పక్కవాటు వెలుగు చక్కగా పడుతుంది.

నల్లటి ఆకృతులు తీసేటప్పుడు వాటి మధ్య వెలుగు సందు ఉండాలి. రెండు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి పడితే తల రెండు, మొండెం ఒకటిగా కనిపిస్తాయి. రెండడుగులు పక్కకు జరిగితే విడిపోతాయి. తెప్ప మీద మనిషి ఉంటే అవతలి ఒడ్డు గీత ఆయన మెడ మీదుగా పోకుండా కెమెరాను కొంచెం ఎత్తండి లేదా దించండి. ఇక్కడ ఎత్తు విషయంలో అర అడుగే లెక్క. వేటకు వెళ్లేవాళ్లను ముందే పలకరించండి. “అన్నా, తెప్పతో పాటు ఒక ఫోటో తీసుకోవచ్చా?” అని అడిగితే వద్దనేవాళ్లు అరుదు, పైగా వల ఎప్పుడు తీస్తారో వాళ్లే చెబుతారు.

నీరు ఒరిగిన ఫోటోను ఎవరూ క్షమించరు. అవతలి ఒడ్డును సమాంతరంగా పెడదామంటే, ఆ ఒడ్డు మీ నుంచి ఏటవాలుగా దూరమవుతుంటే ఫోటోలోనూ ఏటవాలుగానే కనిపించాలి. దాన్ని బలవంతంగా సరిచేస్తే నీరే ఒరుగుతుంది. దీనికి తప్పని కొలత ప్రతిబింబం. చెట్టు కొన, నీటిలో దాని కొన, ఈ రెండూ ఒకే నిలువు గీత మీద ఉండాలి. ఉంటే ఫోటో నేరుగా ఉన్నట్టే.

కాలాన్ని బట్టి నీటి రంగు కూడా మారుతుంది. జూలై, ఆగస్టు కొత్త నీరు ఎర్రమట్టి రంగు, ప్రతిబింబాలు మురికిగా వస్తాయి. కానీ ఆకాశం అప్పుడే బాగుంటుంది. వాన వెలిశాక గంటలోపు గాలిలో దుమ్ము కడుక్కుపోయి దూరపు కొండలు కూడా కోసినట్టు కనిపిస్తాయి. సెప్టెంబరు, అక్టోబరులో చెరువులు నిండి అలుగులు పారతాయి. నవంబరుకు నీరు తేరుకుంటుంది. డిసెంబరు, జనవరిలో పొగమంచు. ఏప్రిల్, మేలో ఆకాశం తెల్లగా వెలిసిపోతుంది. అప్పుడు ఆకాశాన్ని ఫ్రేములోంచి తీసేసి నేల మీద పనిచేయడమే తెలివి.

ఫోన్‌తో అయితే

ముందు లెన్సు తుడవండి. జేబులోని చెమట పొర వల్లే సూర్యుడి చుట్టూ అడ్డగీతలు వస్తాయి. అల్ట్రావైడ్ కాకుండా 1ఎక్స్ లెన్సే వాడండి, వెలుగు తక్కువైనప్పుడు దాని సెన్సరే మేలు. వెలుగున్న మబ్బు మీద వేలు నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది. తర్వాత కిందికి జరిపి కొంచెం చీకటి చేయండి. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్సు నీటికి అంగుళం దూరం దాకా వస్తుంది. చేతికి తాడు కట్టుకోండి.

ఒడ్డున జరిగే నష్టాలు

ట్రైపాడ్ నల్లరేగడి బురదలో సెకన్ల మీద కుంగుతుంది, పొడవాటి ఎక్స్‌పోజర్ చెదిరిందంటే చాలావరకు ఇదే కారణం. కాళ్లను చేత్తో గట్టిగా అదిమి, కదలిక ఆగాక తీయండి. మరీ మెత్తగా ఉంటే కాళ్ల కింద ప్లాస్టిక్ డబ్బా మూతలు పెట్టండి. అడుగు కాలు సన్నది తీయకుండా లావు కాళ్లనే ముందు పొడిగిస్తే బిగించే మరలు బురద పైన ఉంటాయి కదా అనుకుంటారు, నిజానికి సన్నది పూర్తిగా లాగితేనే మర నీటికి పైన ఉంటుంది. నీటిలో పెట్టేటప్పుడు ముందు తీయాల్సింది అదే.

ఏసీ కారులోంచి దించిన లెన్సు మీద తేమ కమ్ముకుంటుంది. కోస్తాలో మరీ ఎక్కువ. సంచి జిప్ తీయకుండా బయట 15–20 నిమిషాలు ఉంచితే సర్దుకుంటుంది. ముందే వెళ్లాలనడానికి ఇదీ ఒక కారణం. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది కాబట్టి తుడవడం దండగ.

శిఖంలో మొరం, ఒండ్రు తవ్విన గుంతలు నీటి కింద కనిపించవు. మోకాలి లోతు అనుకున్నది ఒక్క అడుగులో తల మునిగే లోతు కావచ్చు. కర్రతో తడుముకోకుండా ముందుకు వెళ్లకండి. అలుగు రాళ్ల మీద పాకుడు ఉంటుంది, పారుతున్నప్పుడు దాని మీదికి ఎక్కనే వద్దు. చీకట్లో నడిచేటప్పుడు టార్చ్, మడమలు దాటే బూట్లు తప్పనిసరి. గడ్డిలో పాములుంటాయి.

పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సుకు కొన్ని అదనపు జాగ్రత్తలు కావాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యగా పడమర నుంచి తూర్పుకు సాగుతుంది. కాబట్టి రోడ్డుకు రెండు వైపులా, పొద్దునా సాయంత్రమూ పక్కవాటు వెలుగు దొరుకుతుంది, ఇలాంటి వీలు అరుదు. చలికాలంలో రాజహంసలు వస్తాయి. నీరు లోతు తక్కువ, గాలి లేకపోతే చాలా దూరం దాకా అద్దమే. రోడ్డు తూర్పు కొస అంతరిక్ష కేంద్రానిది, అటు కెమెరా ఎక్కుపెట్టడం, డ్రోన్ ఎగరేయడం కుదరదు. ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్ల మరలు విప్పి మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. మంచినీటి చెరువైతే తడిబట్టతో తుడిస్తే చాలు. ఉప్పునీటిని ఒక్క వారం అలా వదిలేస్తే మరలు పట్టేస్తాయి, ఆ తర్వాత విప్పడానికి శ్రావణం కావాలి.